నాలుగు గంటల ఎండ

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు డిటెక్టివ్ ఆర్కిటెక్ట్ ఆఫీసు మేడ మీది ఆ గదిలో అడుగు పెట్టింది. పెట్టగానే మరో ఊళ్ళోకి వచ్చినట్టయింది.

కిటికీలన్నిటికీ నల్లటి తెరలు. గది నడుమ పెద్ద బల్ల. బల్ల మీద తెల్లటి అట్టతో చేసిన ఊరు. అగ్గిపెట్టెలంత ఇళ్ళు, గుండుసూదులంత వీధిదీపాలు, దూది ఉండల చెట్లు. వాటి మధ్య, ఎవరో మర్చిపోయి వదిలేసిన పెద్ద గిన్నెలా, ఇంకా కట్టని ఫుట్‌బాల్ స్టేడియం. పైన ఈ గోడ నుంచి ఆ గోడ దాకా విల్లులా వంచిన ఇనప పట్టా, దాని మీద ఇటూ అటూ జరిగే ఒకే ఒక్క దీపం. ఆ దీపమే ఈ ఊరికి సూర్యుడు. పట్టా పొడవునా గంటలు గుర్తు పెట్టి ఉన్నాయి. ఆ ఊళ్ళో ఇప్పుడు సాయంత్రం నాలుగైంది.

ఆమెకు పెళ్ళయి ఇరవై మూడు రోజులు. ఈ ఇరవై మూడు రోజుల్లో ఆమె కళ్ళకు ఏం జబ్బు చేసిందో గానీ, చిన్న వస్తువు ఏది కనిపించినా ముద్దొచ్చేస్తోంది. పొద్దున ఆయన ఆమె నల్లకోటుకు తెగిన గుండీని ఆకుపచ్చ దారంతో కుట్టి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా నిలబడ్డాడు. అప్పట్నుంచీ దాన్ని పదిసార్లు తడుముకుంది. ఇప్పుడు స్టేడియంలో ఏడో వరసలో, మిగతా జనానికి దూరంగా, బియ్యపు గింజంత మనుషులిద్దరు పక్కపక్కన కూర్చుని ఉంటే ఆమె బల్ల మీదకి వంగిపోయింది. ఒకరి తల ఇంకొకరి భుజానికి ఆనీ ఆననట్టు ఉంది. ఈ నమూనా చేసిన బొమ్మల మాస్టారు ఎంత ఓపిగ్గా అతికించి ఉంటాడో! ఆట మొదలవక ముందే వచ్చి కూర్చున్నారు కాబోలు ఇద్దరూ, ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళలా లేరు.

"ఏమ్మా, నువ్వే దిగుతావా కలలోంచి, నన్ను దించమంటావా?"

తెర పక్కన కుర్చీలోంచి వచ్చిందా మాట. ఇన్‌స్పెక్టర్. ఆమె భర్తకు సొంత అన్న. పెళ్ళికి ముందు నాలుగు కేసుల్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నారు. అప్పుడు నోటికొచ్చినట్టు మాట్లాడేది. ఇప్పుడు ప్రతి మాటకూ ముందు 'బావగారూ' అని తగిలించాల్సి రావడంతో సగం కోపం అక్కడే ఖర్చయిపోతోంది.

"దిగాను బావగారూ. చెప్పండి."

"చెప్పేదేముంది? నిన్న సాయంత్రం నాలుగూ పదిహేనుకి ఇక్కడే, ఈ బల్ల కాళ్ళ దగ్గరే, నమూనాలు చేసే మాస్టారు తల పగిలి పడి ఉన్నాడు. దెబ్బ వెనకనుంచి పడింది. ఇతనే కొట్టాడు."

ఇతను అంటే తలుపు పక్కన ముక్కాలిపీట మీద, చేతులకు బేడీలతో, నేలచూపులు చూస్తున్న గడ్డి మేస్త్రి. ఊళ్ళో పాత మైదానంలో ముప్పై ఏళ్ళుగా పచ్చిక పెంచుతున్నవాడు. ఆటగాళ్ళు బూట్లతో తొక్కిన ప్రతి చోటా మోకాళ్ళ మీద కూర్చుని పరకపరకా సరిచేసే మనిషి. కొత్త స్టేడియంలోనూ పచ్చిక బాధ్యత అతనిదే. అతని భార్య నిన్న రాత్రి డిటెక్టివ్ గుమ్మం ముందుకొచ్చి, "మా ఆయనకి నోరుందమ్మా, చెయ్యి లేదు" అని ఒక్క మాట చెప్పి కూలబడిపోయింది.

"ఐదింటికి కోర్టుకి తీసుకెళ్ళాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఐదింటికే టౌన్‌హాల్లో ఈ నమూనా చూసి పెద్దలు స్టేడియం ప్లాను మీద సంతకాలు పెడతారు. నాలుగున్నరకి వ్యాను వస్తుంది దీన్ని తీసుకుపోవడానికి. మా తమ్ముడి మొహం చూసి నీకీ గంట ఇచ్చాను. ఆస్పత్రికి కూడా వెళ్ళొచ్చావటగా?"

"వెళ్ళాను. మాస్టారు ఇంకా కళ్ళు తెరవలేదు. తెరిస్తే బతికినట్టేనన్నాడు డాక్టరు. పాపం, అల్లుడు రాత్రంతా కునుకు తియ్యలేదట. మామగారి కాళ్ళు పడుతూ కూర్చున్నాడు." ఆ దృశ్యం తలచుకుని ఆమె గొంతు మెత్తబడింది. "అతన్ని తప్ప ఇంకెవర్నీ లోపలికి రానివ్వద్దని నర్సుకి గట్టిగా చెప్పి వచ్చాను."

"మంచి పని చేశావు. ఆ పెద్దాయనకేమైనా అయితే ఈ కేసు హత్య కింద మారుతుంది. అప్పుడు నీ గడ్డి మేస్త్రి జన్మలో మళ్ళీ గడ్డి చూడడు."

ముక్కాలిపీట కిర్రుమంది. మేస్త్రి తల ఇంకా కిందికి వాలింది.

డిటెక్టివ్ అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మేస్త్రీ, నిన్న జరిగింది జరిగినట్టు చెప్పండి. గంటలతో సహా."

"గంటలు నాకేం తెలుసమ్మా? ఎండని బట్టి లేస్తాను, ఎండని బట్టి పడుకుంటాను." అతను గొంతు సవరించుకున్నాడు. "మధ్యాన్నం ఒంటి గంటప్పుడు వచ్చాను. గేటు దగ్గర పుస్తకంలో రాయించుకున్నారు. కోపంగానే వచ్చాను, అబద్ధమెందుకు? స్టేడియం నెత్తిన కప్పు వేస్తున్నారని విన్నాను. కప్పు వేస్తే ఎండ పడదు. ఎండ పడకపోతే పచ్చిక తెల్లగా పాలిపోయి చస్తుంది. 'నా బిడ్డని చీకటి కొట్లో పెట్టి పెంచమంటావా?' అని మాస్టారి మీద అరిచాను."

"మూడు గదుల అవతలికి వినబడిందట," అందించాడు ఇన్‌స్పెక్టర్.

"వినబడనీండి సార్. మాస్టారు నవ్వాడు. 'ఓరి పిచ్చోడా, కూర్చో, నీకో రోజంతా చూపిస్తాను' అన్నాడు. తెరలు దింపి, ఆ దీపం తూరుపు చివరికి జరిపి, తెల్లారేలా చేశాడు." మేస్త్రి ముఖంలో ఏదో వెలుగు వచ్చింది. "ఏం చెప్పనమ్మా! ఎనిమిది గంటల ఎండ, ఎనిమిదిన్నర ఎండ, తొమ్మిది గంటల ఎండ... అలా అరగంటకో చోట దీపం ఆపడం, ఫోటో తియ్యడం. నా జన్మలో పొద్దు అంత తీరిగ్గా నడవడం చూడలేదు. దీపం నాలుగింటికి వచ్చేసరికి నా కోపం ఎటు పోయిందో! ఇద్దరం నవ్వుకున్నాం. ఇక చాలని నేను తోటవైపు మెట్లు దిగి మైదానానికి పోయి నీళ్ళు పెట్టుకున్నాను. అంతే."

"తోటవైపు గేటు దగ్గర పుస్తకం లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అంటే వెళ్ళిన టైము ఎక్కడా లేదు. మైదానంలో ఇతన్ని చూసినవాడూ లేడు. కానీ నా దగ్గర ఇది ఉంది."

అతను జేబులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. స్టేడియం పచ్చిక. దాని మీదకి చాచిన ఒక మొరటు చెయ్యి, ఉత్తరం వైపు గోల్‌పోస్టు ముందు చోటును వేలితో చూపిస్తోంది. ఫోటో మూలన చిన్న అట్టముక్క మీద అంకెలు: 4.00.

"చెయ్యి తనదేనని ఒప్పుకున్నాడు. టైము నాలుగు. పావుగంట తర్వాత మాస్టారు నేలమీద. ఇంకేం కావాలి?"

డిటెక్టివ్ ఫోటో వైపు చూడనేలేదు. తన సంచీలోంచి ఒక పెద్ద కాగితం తీసి విప్పింది. దాని మీద తపాలా బిళ్ళల కన్నా కొంచెం పెద్దవి, పదిహేడు ఫోటోలు వరసగా ఉన్నాయి.

"ఇదెక్కడిది?"

"మీ ఫోటో విభాగంలోదే. మీరు ఫిల్ములో చివరిది ఒక్కటే వేయించుకున్నారట. నేను మొత్తం వేయించాను."

"మావాళ్ళు నీకెందుకు వేసిచ్చారు?"

"మీ మరదలినని చెప్పాను బావగారూ."

ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు.

"మొదటి ఫోటో చూడండి. అట్టముక్క మీద ఎంతుంది?"

"ఎనిమిది."

"నిన్న పొద్దున ఎనిమిదికి మాస్టారు ఇక్కడ లేడు. కాలేజీలో పాఠం చెబుతున్నాడు. మేస్త్రి ఇక్కడికొచ్చింది ఒంటిగంటా ఐదుకి, మీ గేటు పుస్తకమే చెబుతోంది. అంటే ఆ అట్టముక్క చెప్పేది మన గోడ గడియారం టైము కాదు. ఈ బల్ల మీది ఊరి టైము. దీపం ఏ గంట దగ్గరుంటే ఆ అంకె పెట్టి ఫోటో తీశాడు మాస్టారు."

ఇన్‌స్పెక్టర్ దీపం వైపు చూసి, పట్టా మీద గంటల వైపు చూసి, మళ్ళీ ఫోటో వైపు చూశాడు. పప్పులో కాలేశానని తెలిసినా వెంటనే పైకి తియ్యడం అతని ఇంటా వంటా లేదు.

"సరే. అయితే అసలు టైమెంతో నీకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

"ఈ గ్లాసు చెబుతుంది." ఆమె భూతద్దం తీసి అతని చేతిలో పెట్టింది. ప్రతి ఫోటోలోనూ కింది మూలన, బల్ల అంచున, ఒక నీళ్ళ గ్లాసు పడింది. "మేస్త్రీ, ఈ గ్లాసెవరిది?"

"నాదేనమ్మా. వచ్చాక ఆర్కిటెక్ట్ మేడమ్ ఐసు నీళ్ళు పంపించారు. కోపంలో ఉన్నాగా, ముట్టుకోలేదు. తర్వాత ఎండ చూస్తూ మర్చిపోయాను."

"మొదటి ఫోటోలో మూడు ఐసు ముక్కలు. ఐదో దాంట్లో గుండ్రబడ్డాయి. పన్నెండులో రెండే. పదిహేడులో గోరంత పలుకు ఇంకా తేలుతోంది. మూడు గంటల పాటు ఏ ఐసు ముక్క బతుకుతుంది బావగారూ? గ్లాసు పక్కనే ఇసుక గడియారం ఉంది చూడండి. మూడు నిమిషాలది. ఒక్కో ఫోటోకి ఒకసారి తిప్పేవాడు మాస్టారు. పదిహేడు ఫోటోల మధ్య పదహారు సందులు, అంటే నలభై ఎనిమిది నిమిషాలు. ఒంటిగంటా పదికి మొదలుపెడితే ఈ చెయ్యి ఫోటోలో పడింది రెండింటికి రెండు నిమిషాల ముందు."

ఇన్‌స్పెక్టర్ భూతద్దంలోంచి ఐసు పలుకును చాలాసేపు చూశాడు. ఆ చిన్న ఫోటోలో అది నిజంగానే ఎంత బాగుందంటే, డిటెక్టివ్‌కి దాన్ని ఎవరికైనా చూపించాలనిపించింది. ఎవరికో ఆమెకు తెలుసు.

"ఒప్పుకున్నాను," అన్నాడతను చివరికి. "ఫోటో రెండింటికే. కానీ తర్వాత రెండు గంటలూ ఇతను ఇక్కడే ఉండి ఉండొచ్చు. కోపం తగ్గిందనేది ఇతని మాట. అది మాత్రం పచ్చి అబద్ధం. నేను నిరూపిస్తాను, రా."

అతను ఆమెను బల్ల రెండో వైపుకి నడిపించాడు.

"దీపం నాలుగు మీదే ఉంది. నిన్నట్నుంచి ఎవరూ కదపలేదు, అది నా పూచీ. ఇప్పుడు ఆ ఉత్తరం గోల్ ముందు చూడు. ఎండ పడుతోందా?"

పడటం లేదు. పడమటి గ్యాలరీ కప్పు నీడ పచ్చిక సగం మీదకి నల్లగా, దుప్పటి కప్పినట్టు పరుచుకుని ఉంది. గోల్‌పోస్టు ముందు చీకటి గుయ్యారం.

"ఇతను ప్రాణంగా చూసుకునే పచ్చిక. దాని గతి ఇదీ అని మాస్టారు కళ్ళకి కట్టినట్టు చూపించాడు. ఇతను అది చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడా? ఎవరి చెవిలో పువ్వులు పెడతాడమ్మా?"

"నీడేంటి సార్?" మేస్త్రి పీట మీంచి లేచాడు. "అక్కడ ఎండే పడింది. నేను చెయ్యి పెట్టి చూపించింది అదే కదా!" బేడీల చేతులు ముందుకు చాచుకుని బల్ల దగ్గరకొచ్చి చూశాడు. చూసి, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు ముట్టుకున్నట్టు, రంపపు పొట్టుకు రంగేసి చేసిన ఆ పచ్చిక మీద వేలు పెట్టాడు. "అయ్యో, ఎవరమ్మా ఈ పని చేసింది? ఇది నేను చూసిన కప్పు కాదు."

ఇన్‌స్పెక్టర్ నవ్వబోయాడు. డిటెక్టివ్ చెయ్యెత్తి ఆపింది. ఆమె ఇన్‌స్పెక్టర్ ఫోటో తీసి, సరిగ్గా అదే దిక్కున పట్టుకుని, ఒక కన్ను మూసి చూసింది. ఫోటోలోనూ దీపం నాలుగు దగ్గరే. అదే గోల్‌పోస్టు. కానీ మేస్త్రి వేలి కింద పచ్చిక వెలిగిపోతోంది. దాని మీద సన్నటి నీడగీతలు మాత్రం, రూళ్ళ నోటుపుస్తకంలో లాగా, వరసగా పడి ఉన్నాయి.

"సూర్యుడు అక్కడే ఉన్నాడు," అంది నెమ్మదిగా, నిద్రలో మాట్లాడినట్టు. "ఊరూ అక్కడే ఉంది. ఎండే పోయింది. బావగారూ, ఆర్కిటెక్ట్ మేడమ్‌ని పిలిపించండి."

మూడూ నలభై ఎనిమిదికి ఆర్కిటెక్ట్ వచ్చింది. పొడుగు మనిషి, నెరిసిన పొట్టిజుట్టు. నిన్న మాస్టారిని మొదట చూసింది ఆవిడే. రాత్రి ఏడ్చిన కళ్ళు ఇంకా ఉబ్బి ఉన్నాయి.

"నిన్న రెండు నుంచి నాలుగు దాకా మీరెక్కడున్నారు?"

"కింద హాల్లో. సంతకాలు పెట్టాల్సినవాళ్ళతో మీటింగు. పదకొండు మంది సాక్షులు కావాలా?" గొంతులో విసుగు. "నాలుగూ పదికి అయింది. మాస్టారికి చెబుదామని పైకొచ్చాను."

"ఈ కప్పు దేంతో చేశారు?"

"పడమటి వైపు సగానికి సగం గాజురేకులు. అందుకే కదా ఆ డిజైను గెలిచింది. పచ్చిక మీద సాయంత్రం దాకా ఎండ పడాలని నేనూ మాస్టారూ ఏడాది కుస్తీ పట్టాం. నమూనాలో గాజుకి బదులు పల్చటి ప్లాస్టిక్ కాగితం..." ఆవిడ బల్ల వైపు తిరిగింది. మాట ఆగిపోయింది.

"నిన్న మీరిది గమనించలేదా?"

"నిన్న నేను నేల వైపే చూశాను," అంది ఆవిడ మెల్లగా. "ఇది మొత్తం అట్ట. గాజనేదే లేదు. ఎవరో కప్పు మార్చేశారు."

"మారిస్తే ఏమవుతుంది?" అడిగాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో వెటకారం పోయింది.

"ఇక్కడి పద్ధతి ప్రకారం పెద్దలు సంతకం పెట్టేది ఈ నమూనా చూసే. దీంట్లో ఏముంటే రేపు అదే కడతారు. నేను మొత్తుకున్నా వినరు."

"కప్పు ఎత్తి చూపిస్తారా?" అంది డిటెక్టివ్.

ఆర్కిటెక్ట్ రెండు చేతులతో అంచు పట్టుకుని పైకెత్తింది. రాలేదు. ఇంకొంచెం బలంగా లాగింది. ఊరంతా కదిలింది గానీ కప్పు ఊడలేదు.

"అతికించేశారు!" అంది అపనమ్మకంగా. "మాస్టారు చచ్చినా ఈ పని చెయ్యడు. నమూనాకి కప్పు ఎప్పుడూ ఊడేలాగే ఉండాలి. మూత తీసి లోపల చూపించాలి కదా. మొదటి రోజు కుర్రాడికైనా తెలుస్తుంది."

"అంటే నమూనాలు చేసేవాళ్ళ పని కాదు." డిటెక్టివ్ కోటు విప్పి కుర్చీ మీద వేసింది. బల్ల అంచున ఊరి పొలిమేర దగ్గర గడ్డం ఆనించి, తల పక్కకు వాల్చి, చెంప ఆ పచ్చిక మట్టానికి తెచ్చింది. ఆటగాళ్ళు లోపలికొచ్చే సొరంగం దారిలోంచి చూపు లోపలికి పంపింది.

ఒక్క క్షణం ఆమె ఎందుకొచ్చిందో మర్చిపోయింది. చుట్టూ కొండల్లా లేచిన గ్యాలరీలు, వేలకొద్దీ బియ్యపు గింజల మనుషులు, అందరూ ఆమెకేసే చూస్తున్నట్టు. మసక వెలుగు. కప్పు కింద పొద్దు గుంకిన చల్లదనం లాంటిది. రంపపు పొట్టు వాసనా, దాని వెనకే పచ్చి జిగురు వాసనా. అప్పుడు ఆమె చూపు స్తంభాల వెంట పైకి పాకింది. అగ్గిపుల్లలంత స్తంభాలు, కప్పును మోస్తున్నవి. ఒక్కోదాని తల మీద, జిగురు బొట్టు పక్కన, వెంట్రుకంత పసుపు గీత.

ఒకటి కాదు. లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది స్తంభాలకి ఇరవై ఎనిమిది గీతలు.

"మేడమ్, మాస్టారు స్తంభాలకి పసుపు రంగు గీతలు పెడతాడా?"

"పసుపా? మా నమూనాల్లో తెలుపు, పచ్చిక రంగు తప్ప మూడోది ఉండదు."

"ఇలా వంగి చూడండి."

ఆర్కిటెక్ట్ మోకాళ్ళ మీద కూర్చుని, తలలు తగిలేంత దగ్గరగా చూసింది.

"ఇది సైటులో చేసే పని," అందావిడ. "ఉక్కు స్తంభాలు నిలబెట్టి బోల్టులు బిగించేటప్పుడు, బిగించిన ప్రతి బోల్టుకీ పసుపు సుద్దతో ఒక గీత గీస్తారు. గీత లేదంటే బిగించలేదని లెక్క. వందల బోల్టుల్లో ఒక్కటి మర్చిపోయినా మనుషుల ప్రాణాలు పోతాయి. ఏళ్ళ తరబడి అలవాటైపోతుంది. చేతికి తెలియకుండానే గీస్తుంది."

"జిగురు బొట్టు పెట్టిన ప్రతి చోటా గీశాడు," అంది డిటెక్టివ్. "మాస్టారు కింద రక్తంలో పడి ఉండగా, ఇరవై ఎనిమిదీ, ఒక్కటి వదలకుండా." "మీ ఆఫీసులో బోల్టు బిగించిన చేతులెవరివి?"

"ఒక్కడివే." ఆర్కిటెక్ట్ లేచి బల్ల అంచు పట్టుకుంది. "పదేళ్ళు సైట్ల మీద పనిచేసి వచ్చాడు. ఈ స్టేడియానికి ఉక్కు లెక్కలు వేసింది అతనే. మూడు రోజుల కిందట నా గదికొచ్చి, గాజు వద్దు, తేలిక రేకులు వేద్దామని బతిమాలాడు. ఎందుకంటే నీళ్ళు నమిలాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడర్థమవుతోంది. గాజు బరువు ఎక్కువ. అతను గీసిన స్తంభాలు దానికి చాలవు. లెక్క తప్పాడు. ఆ సంగతి బయటపడితే అతన్నింకెవరూ పెన్సిలు పట్టుకోనివ్వరు. కప్పు మారిపోతే తప్పూ మాయమైపోతుంది..."

"ఎవరు మేడమ్ అతను?" ఇన్‌స్పెక్టర్ గొంతు ఉరిమింది.

"మీరు చూసే ఉంటారు. మాస్టారి అల్లుడు."

డిటెక్టివ్ గోడ గడియారం వైపు చూసింది. పొద్దున్న ఆస్పత్రి గదిలో ఆ మనిషి మామగారి పాదాలు పడుతుంటే తను గుమ్మంలో నిలబడి, ఎంత మంచి అల్లుడో అని మురిసిపోయింది. వంగి చెవిలో ఏదో చెబుతుంటే ప్రార్థిస్తున్నాడనుకుంది. మేలుకున్నాడా లేదా అని పరీక్షిస్తున్నాడని ఇప్పుడు తెలిసింది. ఇంకెవర్నీ లోపలికి పంపవద్దని తలుపు మూసి వచ్చింది తనే.

నాలుగూ రెండు నిమిషాలు. ఆమె గది మూలనున్న ఫోను దగ్గరకు పరుగెత్తింది. రెండుసార్లు నంబరు తప్పు తిప్పింది. మూడోసారి ఆస్పత్రి పలికింది. పొద్దున మాట్లాడిన నర్సే.

"నేనమ్మా, డిటెక్టివ్‌ని. బొమ్మల మాస్టారి గదిలో ఇప్పుడెవరున్నారు?"

"మీరు చెప్పినట్టే, ఒక్క పురుగునీ రానివ్వలేదండీ," అంది నర్సు, మెప్పు కోసం ఎదురుచూసే గొంతుతో. "ఇంకో మంచి కబురు. పెద్దాయన కళ్ళు తెరిచారు! పది నిమిషాలైంది. మాటింకా రాలేదు, మనుషుల్ని మాత్రం గుర్తుపడుతున్నారు. అల్లుడుగారిని చూడగానే పాపం, కళ్ళమ్మట నీళ్ళు."

"తక్షణం ఆ అల్లుణ్ణి గదిలోంచి బయటికి పంపు. డాక్టర్ని పిలువు. ఎవరో ఒకరు ఆయన పక్కనే..."

"గదిలో లేరండీ ఇద్దరూ."

ఇన్‌స్పెక్టర్ ఆమె ముఖం చూశాడు. మేస్త్రి బేడీల తాళంచెవి బల్ల మీద విసిరేసి, జీపు తాళాలు తీసుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగుతూ పరుగెత్తాడు. కింద జీపు స్టార్టయిన చప్పుడు. మేస్త్రి కదలకుండా, విప్పని బేడీల చేతులు గుండెకు ఆనించుకుని, ఆమె చేతిలోని రిసీవర్ వైపే చూస్తున్నాడు. ఆ తీగ చివర ఉన్నది అతని జీవితం కూడా.

"ఎక్కడికి తీసుకెళ్ళాడు?" అంది డిటెక్టివ్.

"చక్రాల కుర్చీలో పైకి తీసుకెళ్ళారండీ, ఆరో అంతస్తు డాబా మీదకి," అంది నర్సు. "గదిలో మరీ చీకటిగా ఉంది, మామయ్యకి కాస్త ఎండ చూపిస్తాను అన్నారు."